ఉప్పునీటి ట్యాంకులో నాచు: ఎంత రుద్దినా పది రోజుల్లో మళ్ళీ మొలుస్తోంది

కూకట్‌పల్లి క్లౌన్‌ఫిష్:
మా హాల్లో 240 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి 14 నెలలైంది. ఒక జత క్లౌన్ చేపలు, ఒక గోబీ, రెండు రొయ్యలు. అడుగున రెండంగుళాల ఇసుక, మధ్యలో సిరామిక్ రాళ్ళు. మూడు నెలలుగా రాళ్ళ మీద పచ్చటి నాచు వెంట్రుకల్లా పెరుగుతోంది. పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది తీసినా పది రోజుల్లో యథాప్రకారం. ఇప్పుడు ఇసుక మీద ఎడమ మూల ఎర్రటి జిగురు పొర కూడా మొదలైంది. పొద్దున పల్చగా ఉండి సాయంత్రానికి చాపలా పరుచుకుంటోంది.

నాచుకు ఎరువయ్యే నైట్రేట్ 40, ఫాస్ఫేట్ 0.3 (లీటరుకు మిల్లీగ్రాములు). ప్రతి ఆదివారం 24 లీటర్లు మారుస్తాను. ఉప్పు కలిపేది వంటింటి ఆర్వో నీళ్ళలోనే. లైటు రోజుకు 12 గంటలు. దుకాణంలో ఒక మందు సీసా అంటగట్టారు, ఇంకా మూత తీయలేదు. విశాఖలో ఉన్న మా బావమరిది డబ్బాల్లో సముద్రపు నీళ్ళే తెస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

గుంటూరు గోబీ:
నాచు తినే నత్తలు నాలుగు వేయండి. నాకైతే పని చేసింది.

భీమిలి హ్యాచరీ:
మూత తీయకపోవడం మంచి పని చేశారు. ఆ ఎర్రపొర నాచు కాదు, సయనోబాక్టీరియా, అంటే ఎండతో బతికే ఒక రకం బాక్టీరియా. దానికి అమ్మే మందుల్లో కొన్నింటిలో ఉండేది ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. పొరంతా ఒక్కసారిగా చచ్చి కుళ్ళితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, కుళ్ళినదంతా మళ్ళీ నాచుకే ఎరువు.

నత్తల మీద నాకు కోపం లేదు. కానీ నత్త తిన్నది ట్యాంకులోనే విసర్జిస్తుంది కదా!

వెనామీ రొయ్య పిల్లల హ్యాచరీలో 19 ఏళ్ళుగా పని చేస్తున్నాను. పొద్దున్నే మా మొదటి పని గొట్టం పెట్టి ట్యాంకు అడుగున మడ్డి లాగేయడం. మిగిలిన మేత, మలం, రొయ్య విడిచిన పొట్టు, అన్నీ అక్కడే చేరతాయి. మీరు మారుస్తున్నది పైనీళ్ళు. 240లో 24 తీస్తే 40 ఉన్న నైట్రేట్ 36 అవుతుంది. వారం తిరిగేసరికి మడ్డి ఆ నాలుగూ మళ్ళీ కలిపేస్తుంది.

మందుల షాపులో సూది లేకుండా 60 మిల్లీలీటర్ల సిరంజి కొనండి. ట్యాంకు నీళ్ళే అందులోకి లాగి రాళ్ళ సందుల్లోకి గట్టిగా కొట్టండి. మేఘంలా లేచిందంటే దొంగ దొరికినట్టే. లేచినదాన్ని వెంటనే గొట్టంతో లాగేయండి. తర్వాత పంపును కిందకు దించి, ఆ ఎర్రటి మూలలోకి నీళ్ళు పారేలా తిప్పండి. ఇసుకను మాత్రం వారానికి మూడో వంతు చొప్పునే కదపండి. నేను ఇంట్లో రెండడుగుల ట్యాంకులో ఒకే రోజు అంతా తవ్వాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, తెల్లారేసరికి మూడు చేపలు తేలాయి. ఇసుక అడుగున పేరుకునే ఆ విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పరాచికాలు వద్దు.

వంటింటి ఆర్వో నీళ్ళలో టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపేది) పెట్టి చూడండి. చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే మర ఉంటుంది, దాంతో పాటు మీ బోరులోని నైట్రేటూ వస్తుంది. అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. లైటు ఎనిమిది గంటలు చాలు.

బావమరిదికి నా తరఫున వద్దని చెప్పండి. సముద్రం పక్కనే ఉన్నా నేనే తెచ్చుకోను. వానలకు గోస్తని నది బురదంతా ఇక్కడే కలుస్తుంది, ఆ రోజుల్లో ఉప్పుశాతం కూడా తగ్గుతుంది.

బెజవాడ రీఫ్:
హ్యాచరీ గారి మాటకు ఒక్క చేర్పు. ఫాస్ఫేట్‌ను సున్నా చేయాలని ఎగబడకండి. నేను ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ రేణువుల మీడియా రెట్టింపు వేశాను. పచ్చనాచు పోయి, బుడగలు పట్టిన గోధుమరంగు జిగురు తీగలు దిగాయి. డైనోఫ్లాజెలేట్లనే ఏకకణ జీవులు! వాటితో పోలిస్తే మీ నాచు సాధుజంతువు. 0.05 దగ్గర ఆగండి.

భీమిలి హ్యాచరీ:
ఒప్పుకుంటాను. పైగా రాళ్ళు ఫాస్ఫేట్‌ను పీల్చుకుని మెల్లగా వదులుతాయి, కాబట్టి తొందరపడినా అది తొందరపడదు.

కూకట్‌పల్లి క్లౌన్‌ఫిష్:
ఆరు వారాలైంది. ఆర్వో టీడీఎస్ 68 వచ్చింది. టెక్నీషియన్ ఆ మర మూసి, ఆర్వో మెంబ్రేన్ మార్చి వెళ్ళాక 9. ఎడమ వెనకరాయి కిందికి సిరంజి కొట్టినప్పుడు చేపలు కనిపించనంత మడ్డి లేచింది. ఫిల్టరు స్పాంజి పిండితే డికాక్షన్ దిగింది. రెండు నెలలుగా దాన్ని తెరవలేదన్న సంగతి మొదట రాయలేదు, సిగ్గుపడి.

ఇప్పుడు వారానికి 60 లీటర్లు మారుస్తున్నాను, గొట్టం అడుగున పెట్టి. నైట్రేట్ 15, ఫాస్ఫేట్ 0.18. ఎర్రపొర మూడో వారంలోనే పోయింది. పచ్చనాచు ఒక రాయి వెనక మాత్రం ఉంది, దాన్ని గోబీ మేస్తున్నట్టుంది. మందు సీసా వెనక్కి తీసుకోమంటే దుకాణంవాళ్ళు ససేమిరా అన్నారు.