తాతల నాటి విల్లంబులు, ఆనాటి వేట: మీకు తెలిసింది రాయండి

తాడ్వాయి_అబ్బాయి
అందరికీ నమస్కారం. మాది ములుగు జిల్లా, తాడ్వాయి దగ్గర కోయగూడెం. మా ఇంటి దూలానికి తాతయ్య విల్లు వేలాడుతోంది. అల్లెతాడు తెగిపోయింది, పక్కన కొన్ని అంబులు ఉన్నాయి, వాటి ఈకలను చెదలు తినేశాయి. మా గూడెంలో విల్లు చేయగలిగిన పెద్దలు ఒకరిద్దరే మిగిలారు, వాళ్లకూ చూపు ఆనడం లేదు. వేటకు వెళ్లాలని అడగడం లేదు. వెదురు ఎలా ఎంచేవారు, అల్లెతాడు దేనితో పేనేవారు, అంబుకు ఈక ఎలా కట్టేవారు, జంతువు దగ్గరికి ఎలా చేరేవారు? మీ ఇళ్లలో విన్నదీ చూసిందీ రాయండి. ఒకచోట పోగుపడితే మా పిల్లలకు చదివి వినిపిస్తాను.

జంపన్నవాగు
తమ్ముడూ, మంచి మాట ఎత్తావు. మా నాన్న విల్లు చేస్తుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

విల్లుకు లోపల బోలు తక్కువగా ఉండే గట్టి వెదురు కావాలి. మన గుట్టల మీద పెరిగే సన్న వెదురులో అది దొరుకుతుంది. వాగు ఒడ్డున పెరిగే లావు ముళ్ల వెదురు పనికిరాదు. ఆ ఏడు మొలిచిన పిలకను నాన్న తాకనిచ్చేవాడు కాదు. మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగే కావాలి. కొట్టి చూస్తే ఖంగుమనాలి. వానకాలంలో అసలు నరకరు, అప్పుడు నరికిన బొంగుకు పురుగు పడుతుంది. చలికాలంలో నరికి, నీడన ఆరబెట్టి, పొయ్యి మీది అటకపై పొగ తగిలేలా ఉంచేవారు.

ఇక చెక్కడం. బొంగును నిలువునా చీల్చాక పైతోలు ఉన్న వైపు కత్తి పెట్టకూడదు. ఆ నున్నటి తోలే విల్లుకు బలం. విల్లు వంగినప్పుడు సాగే వైపు అది, తట్టుకునేదీ అదే. అందుకే పైతోలు ముందుకు, అంటే గురి వైపు ఉంటుంది. గీకేదంతా లోపలి వైపు. కొంచెం గీకడం, మోకాలికి ఆనించి వంచడం, మళ్లీ గీకడం. పట్టుకు పైనా కిందా ఉండే రెండు కొమ్ముల్లో ఒకటి బిగుసుకుని ఉంటే భారమంతా రెండో కొమ్ము మీద పడి ఏదో ఒకరోజు ఫెళ్లున విరుగుతుంది. నాన్న రాత్రిపూట లాంతరు ముందు విల్లును వంచి పట్టుకునేవాడు, గోడ మీద నీడ పడేది. చేతిలో ఉన్నప్పుడు కనిపించని వంకర నీడలో కనిపించేది. మరునాడు పొద్దున సరిగ్గా అక్కడే గీకేవాడు.

మా వైపు అల్లెతాడు కూడా వెదురుదే. పైతోలు నుంచి వేలు వెడల్పు బద్ద తీసి, పలచగా చేసి, రెండు చివర్లా అడ్డాకు తీగ నారతో ఉచ్చులు కట్టి కొమ్ములకు తగిలిస్తారు. వెదురు బద్ద అంతగా సాగదు. పని లేనప్పుడు తాడు విప్పేయాలి. రాత్రంతా ఎక్కించి ఉంచిన విల్లు ఆ వంపులోనే ఉండిపోతుంది, దాని దెబ్బలో సత్తువ ఉండదు.

నర్సంపేట_కొలిమి
మేం కమ్మరులం. మా తాత గూడేలకు ములుకులు, అంటే అంబు చివర బిగించే ఇనుప మొనలు, కొట్టి ఇచ్చేవాడు. డబ్బులకు కాదు, జొన్నలకో ఇప్పపువ్వుకో. విరిగిన కొడవలి ముక్క, లారీ కమాన్ పట్టీ ముక్క, ఏది దొరికితే అదే సరుకు. ఎర్రగా కాల్చి ఒక చివర ఆకులా సాగగొట్టి అంచు తీస్తాడు. రెండో చివర పలచగా చేసి గొట్టంలా చుడతాడు. ఆ గొట్టంలోకి అంబు కర్ర బిగుతుగా దిగాలి. గుగ్గిలం కరిగించి పోసి, పైన నార చుట్టేవారు.

పిట్టల కోసం ఇనుము అక్కర్లేదు. కర్ర చివర మొద్దుగా, గుండీలా చెక్కి వదిలేస్తారు. ఆ దెబ్బకు పిట్ట సొమ్మసిల్లి పడిపోతుంది, ఈక చెదరదు, అంబు కొమ్మల్లో గుచ్చుకుని పోదు. మీ ఇంట్లో మిగిలిన అంబుల్లో మొద్దుది ఉందేమో చూడండి. చాలామంది దాన్ని ములికి ఊడిపోయిన అంబు అనుకుని పారేస్తున్నారు.

ఉట్నూరు_మాస్టారు
అంబు కర్ర గురించి నాలుగు మాటలు. సన్నని వెదురును సెగ మీద తిప్పుతూ, వేడిగా ఉండగానే వంకరలు వత్తి తీస్తారు. ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూస్తూ తిప్పే ఆ ముసలివాళ్ల చేతులు చూడాలి! విల్లు బలానికి తగ్గ బిరుసు కర్రకు ఉండాలి. మెత్తని కర్రను బలమైన విల్లుతో వేస్తే గాలిలో మెలికలు తిరుగుతుంది. ఒక అంబుకు కట్టే ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి రెక్కదీ ఎడమ రెక్కదీ కలిపితే అంబు నిలకడగా పోదు.

మా గోండు పెద్దలు రాబందు ఈకను మెచ్చుకునేవారు. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల్ని తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లు బయటపడ్డాయని విన్నప్పుడు మా ఊళ్లో పండుగలా అనిపించింది. ఇప్పుడు కొత్త అంబులకు టర్కీ కోడి ఈక చాలు, చక్కగా పనిచేస్తుంది.

మంగపేట_అక్క
ఇప్పటిదాకా అందరూ మగవాళ్ల పనే రాశారు. ఎండాకాలం చివర విత్తనాల పండుగప్పుడు ఊళ్లోని మగవాళ్లంతా విల్లంబులతో అడవికి వెళ్లేవారు. ఒట్టి చేతులతో తిరిగి వస్తే ఆడవాళ్లం ఊరి పొలిమేరలోనే అడ్డం నిలబడి పేడనీళ్లు చల్లేవాళ్లం. మా అమ్మమ్మ చెబుతుంటే ఆ వయసులోనూ ఆమె ముఖం వెలిగిపోయేది. ఏదైనా పడితే ఊరందరికీ వాటా. వితంతువు ఇంటికి, మంచం పట్టినవాళ్ల ఇంటికి కూడా వెళ్లేది. మొదటి అంబు ఎవరిదో వాళ్లకు ఒక వాటా ఎక్కువ. ఎవరి అంబో ఈక కట్టిన తీరును బట్టి తెలిసేదట, ప్రతి ఇంటికీ ఒక కట్టు. తమ్ముడూ, మీ తాతయ్య అంబుల మీద ఈక పోయినా దారం చుట్టిన గుర్తు ఉంటుంది. ఫోటో తీసి దాచు.

హనుమకొండ_విద్యార్థి
ఒక సందేహం. అటవీ హక్కుల చట్టం వచ్చాక ఆదివాసులకు సంప్రదాయ వేట హక్కు కూడా వచ్చిందని మా కాలేజీలో ఒకరు అన్నారు. నిజమేనా?

విశ్రాంత_బీటు
కాదు బాబూ, ఈ మాట నమ్మి కుర్రవాళ్లు కేసుల్లో ఇరుక్కుంటున్నారు కాబట్టి స్పష్టంగా చెబుతాను. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తించిన చోటే వన్యప్రాణుల వేటను, ఉచ్చులు వేయడాన్ని మినహాయించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. చంపితేనే వేట అనుకోవద్దు, తరమడం, ఎర వేయడం, ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. ఇంకొకటి, ఆ చట్టం ఆయుధాల జాబితాలో విల్లంబులను పేరుపెట్టి చేర్చింది. ముందస్తు అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. మీ తాడ్వాయి వైపున్న ఏటూరునాగారం అడవి 1953 నుంచి అభయారణ్యం. అంటే తాడ్వాయి అబ్బాయి, మీ విల్లు ఇంట్లో ఉంటే పరవాలేదు, భుజాన వేసుకుని అడవి దారిన వెళ్లవద్దు.

గోదారి_గట్టు
బీటు గారూ, మీరు చెప్పిన చట్టం సరైనదే, కాదనను. కానీ అడవి ఖాళీ అయింది మా విల్లంబుల వల్ల కాదు. నిజాం కాలంలో పాకాల అడవుల్లో దొరలు తుపాకులతో షికారు చేశారు. ఇప్పుడు రాత్రిపూట కరెంటు తీగలు పరుస్తున్నారు. తీగకు పంది, దుప్పి, పులి, పశువుల కాపరి అన్న తేడా ఉందా? పొలం కావలికి వెళ్లిన మనుషులే ఆ తీగలకు బలవుతున్నారు. విల్లు పట్టినవాడు జంతువును కళ్లారా చూసి, అది ఆడదా మగదా, కడుపుతో ఉందా అని తెలుసుకున్నాకే అంబు వదిలేవాడు. కడుపుతో ఉన్నదాన్ని కొడితే కుల పెద్దలు తప్పు వేసేవారు. ఇది రాయకుండా చట్టం ఒక్కటే రాస్తే మా తాతలంతా దొంగలైనట్టు ఉంటుంది. నాకు బాధేస్తుంది.

విశ్రాంత_బీటు
మీ బాధ అర్థమైంది. తీగల గురించి మీరన్నది అక్షరాలా నిజం. నా ఉద్యోగ కాలంలో నేను ఎక్కువ భయపడింది వాటికే. మీ తాతలను దొంగలు అనడం నా ఉద్దేశం కాదు. గూడెం పెద్దలు దారి చూపకపోతే నేను ఏ గుట్టా ఎక్కగలిగేవాణ్ణి కాదు.

జంపన్నవాగు
జంతువు దగ్గరికి చేరడం గురించి ఎవరూ రాయలేదు, ఆ తమ్ముడు అడిగింది అదే కదా. వెదురు విల్లుతో నమ్మకంగా కొట్టగలిగే దూరం ఇరవై ముప్పై అడుగులు, ఎంత ఆరితేరినవాడైనా యాభై దాటితే వదిలేస్తాడు. దుప్పి మనల్ని ముందు పసిగట్టేది ముక్కుతో. అందుకని మొదటి పని గాలి చూడటం. మా నాన్న పొయ్యిలోని బూడిదను చిన్న గుడ్డలో మూటకట్టి మొలకు దోపుకునేవాడు. చిటికెడు వదిలితే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. గాలి మన ముఖానికి కొట్టాలి. వీపుకు తగిలితే ఆ రోజు ఇక ఇంటికే. ఎండాకాలంలో చెలమ దగ్గర చెట్టెక్కి కూర్చునేవారు. బీడీ కాల్చకూడదు, దగ్గకూడదు, చీమ కుట్టినా కదలకూడదు.

అంబు తగిలాక పరుగెత్తడం చేతకానివాడి పని. తూటాలా అంబు కొట్టినచోటే పడేయదు, నెత్తురు పోయి జంతువు పడాలి. వెంటపడితే బెదిరి కోసుల దూరం పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. నాన్న తగిలిన చోట కొమ్మ విరిచి గుర్తు పెట్టి, చాలాసేపు కూర్చుని, అప్పుడు జాడ పట్టేవాడు. ఆకు మీద నురగతో గులాబీ రంగు నెత్తురు ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, ఎక్కువ దూరం పోదు. ముదురు ఎరుపు ఉంటే కాలేయం. పచ్చగా, వాసనతో ఉంటే పేగులు, ఆ జంతువు గంటలకొద్దీ నరకం అనుభవిస్తుంది. అలా అయిన రోజు నాన్న అన్నం ముట్టేవాడు కాదు, దొరికేదాకా వెతికేవాడు. వేట పోయినందుకు నాకు దిగులు లేదు. ఆకు మీది చుక్కను చూసి ఇంత చెప్పగలిగే చూపు పోతోందే అని దిగులు.

పెద్దపల్లి_శిక్షకుడు
నేను పిల్లలకు ఆర్చరీ నేర్పుతాను. రాజస్థాన్ ఆదివాసీ కుర్రవాడు లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. మా జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో ప్రపంచ యువ ఆర్చరీ పోటీల్లో కాంపౌండ్ (కప్పీలు ఉండే విల్లు) విభాగంలో స్వర్ణం గెలిచింది. మన పిల్లలకు విల్లు పట్టడానికి చోటు లేకపోలేదు.

గూడేల నుంచి వచ్చిన పిల్లలు అంబును గుండె దాకా లాగి, కంటితో కాక చేతి అలవాటుతో కొడతారు. పోటీల్లో గడ్డం కిందికి లాగి ఆనించాలి. మార్చుకోవడానికి కొంత సమయం పడుతుంది కానీ భుజం బలం, ఓపిక వాళ్లకు ముందే ఉంటాయి. తాతల విళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. అంబు పెట్టకుండా అల్లెతాడు లాగి వదలవద్దు. అంబు మోసుకుపోవలసిన బలమంతా విల్లుకే తిరిగి తగిలి పగులుతుంది. పిల్లలు ముందు చేసే పని అదే.

తాడ్వాయి_అబ్బాయి
ఇంతమంది రాస్తారని అనుకోలేదు, అందరికీ దండం. మీరు చెప్పాక విల్లు దించి చూశాను. పైతోలు వైపు పట్టుకు బెత్తెడు పైన వెంట్రుకంత చీలిక ఉంది. మంగపేట అక్కా, అంబుల మీద దారం చుట్టిన గుర్తు నిజంగానే ఉంది, మూడు చుట్లు, ఒక ఖాళీ, మళ్లీ రెండు. కొలిమి అన్నా, ఒకటి మొద్దుదే! దీనికి కొత్త అల్లెతాడు ఎక్కించవచ్చా?

జంపన్నవాగు
వద్దు తమ్ముడూ. పైతోలు చీలిన విల్లును ఎక్కిస్తే ముఖం మీదే విరుగుతుంది. దాన్ని అలాగే తుడిచి, చీడ పట్టకుండా వేపనూనె పలచగా రాసి పైకి కట్టేయి. దాన్ని చూసి కొత్తది చేద్దాం. వెదురుకు అడవిలోకి వెళ్లనక్కర్లేదు, మా చేను గట్టున గట్టి వెదురు పొద ఉంది. 2017లో చట్టం మార్చి అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు కాబట్టి దాన్ని నరకడానికి పేచీ ఉండదు. ఈలోగా పట్టు దగ్గర మందం, కొమ్ముల చివర వెడల్పు, మొత్తం పొడవు కొలిచి ఇక్కడ పెట్టు. అంబుల పొడవు కూడా. చలి మొదలయ్యాక బొంగు నరుకుదాం.