బీఎస్సీ మైక్రోబయాలజీ తర్వాత నేరుగా నర్సింగ్ మాస్టర్స్: వైజాగ్ నుంచి ఎవరైనా వెళ్లారా?

గాజువాక మైక్రో

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలో మైక్రోబయాలజీతో మూడేళ్ల బీఎస్సీ చేశాను, 78 శాతం. వయసు 26. మహారాణిపేటలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో కల్చర్ సెక్షన్ చూస్తాను. పని బాగానే వచ్చు. కానీ ప్లేటు మీద క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా కనిపిస్తుంది గాని ఆ పేషెంటు ఎవరో, తర్వాత ఏమయ్యారో తెలియదు.

పోయినేడు మా నాన్నమ్మ సెప్సిస్‌తో ఐసీయూలో ఉంది. రాత్రి డ్యూటీ సిస్టర్ యూరిన్ బ్యాగ్ చూసి, గంటకి ముప్పై ఎంఎల్ కూడా రావట్లేదని డ్యూటీ డాక్టర్‌ని నిద్ర లేపి మరీ తీసుకొచ్చింది. నాకు అలాంటి పని కావాలి. ఇది సినిమా డైలాగులా ఉందని మా తమ్ముడు ఏడిపిస్తున్నాడు, ఏడిపించనీ.

ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే మొదటి కౌంటర్‌లో ఆవిడ "నర్సింగ్ ఎందుకు మేడం, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ వేద్దాం" అంది. పక్క కౌంటర్ ఆయన మాత్రం, అమెరికాలో నర్సింగ్ చదవనివాళ్లకి కూడా డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్ఎన్ (నర్సింగ్ మాస్టర్స్) ఉంటుంది, రెండేళ్లలో నర్స్ ప్రాక్టీషనర్ (పేషెంట్లని పరీక్షించి మందులు రాసే పై స్థాయి నర్సు) అయిపోతారు అన్నారు. ఇది నిజమేనా? మూడేళ్ల డిగ్రీ ఒప్పుకుంటారా? మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో ఒక స్థలం ఉంది, లోన్ అంటే దాని మీదే. అందుకే వెళ్లాక తెలుసుకుందాంలే అనుకునే పరిస్థితి కాదు.

షికాగో నైట్ షిఫ్ట్

చెల్లీ, మాది ఎంవీపీ కాలనీ. నేను ఈ దారిలోనే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అయ్యాను, కానీ ముందే ఒక మాట. నేను చేరేసరికి మావారి ద్వారా గ్రీన్ కార్డు వచ్చేసింది. చదువు గురించి నా మాట నమ్ము, వీసా విషయంలో మాత్రం నాతో పోల్చుకోకు.

కోర్సులు నిజమే. కొలంబియాలో 15 నెలల ఎండీఈ (మాస్టర్స్ డైరెక్ట్ ఎంట్రీ) ఉంది. జాన్స్ హాప్‌కిన్స్‌లో ఉంది. ఇక్కడ షికాగోలో రష్, డీపాల్ రెండింటిలోనూ ఉంది. వేరే సబ్జెక్టులో బ్యాచిలర్స్ ఉన్నవాళ్లని తీసుకుని ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్స్ పరీక్ష రాయడానికి తయారు చేస్తారు. అయితే బయటికి వచ్చేది ఆర్ఎన్‌గానే. నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే తర్వాత మళ్లీ చదవాలి. ఆ కౌంటర్ ఆయన రెండు మెట్లు కలిపేసి చెప్పాడు.

నీకు అడ్డొచ్చేది ప్రీరిక్విజిట్లు, అంటే చేరకముందే పూర్తిచేసి ఉండాల్సిన కోర్సులు. అనాటమీ, ఫిజియాలజీ ల్యాబ్‌తో సహా అడుగుతారు. స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా చెప్పే డెవలప్‌మెంటల్ సైకాలజీ కూడా అడుగుతారు. మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ నీకున్నాయి, కానీ చాలా చోట్ల సైన్స్ కోర్సులు ఐదు లేదా ఏడేళ్ల లోపువి కావాలంటారు. నువ్వు ఆ గీత దగ్గరే ఉన్నావు. హాప్‌కిన్స్ నర్సింగ్ స్కూలే ఈ కోర్సులు ఆన్‌లైన్‌లో పెడుతుంది, ఫీజు మాత్రం డాలర్లలోనే.

మూడేళ్ల డిగ్రీ సంగతి: డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీలు అక్కడ దేనికి సమానమో చెప్పే సంస్థ)తో కోర్సువారీ ఎవాల్యుయేషన్ చేయించు. వాళ్లు మూడేళ్ల డిగ్రీకి న్యాక్ (మన కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) గ్రేడు చూస్తారు. ఏయూకి 2016లో న్యాక్ ఏ గ్రేడు, 2023లో ఏ ప్లస్ ప్లస్ ఉన్నాయి కాబట్టి దాన్ని అక్కడి బ్యాచిలర్స్‌కి సమానంగా లెక్కేసే అవకాశం బాగానే ఉంది. అయినా చివరి మాట యూనివర్సిటీదే. ఒక్క అప్లికేషన్ ఫీజు కట్టకముందే ప్రతి స్కూల్ అడ్మిషన్స్‌కి మెయిల్ రాయి: ఎఫ్1 (స్టూడెంట్ వీసా) విద్యార్థుల్ని ఈ కోర్సులో తీసుకుంటారా, ఇండియా మూడేళ్ల డిగ్రీ చెల్లుతుందా అని. జవాబు రాతలో ఉంచుకో. స్కూల్‌కి సీసీఎన్ఈ గాని ఏసీఈఎన్ గాని (నర్సింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే అక్కడి సంస్థలు) గుర్తింపు ఉందో లేదో చూడు.

ఎస్సేలో "సేవ చేయాలని చిన్నప్పటి కోరిక" అని మొదలుపెట్టకు, అందరూ అదే రాస్తారు. ఆ యూరిన్ బ్యాగ్ సంగతి రాయి.

స్టీల్‌సిటీ అన్నయ్య

ఫీజు, వీసా గురించి ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి నేను చెబుతా. మా చెల్లెలి కోసం ఇదంతా తిరగేశాను.

ప్రైవేటు స్కూళ్లలో ఫీజు, బతకడం కలిపితే లక్ష డాలర్లు సులువుగా దాటుతుంది. ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతాయి, అంటే మీ స్థలం కాగితాలు బ్యాంకులోనే. సరే, అదీ పెట్టారనుకుందాం. చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే గడువు, 12 నెలలు. సైన్స్, టెక్నాలజీ డిగ్రీలకి దొరికే స్టెమ్ పొడిగింపు మామూలు నర్సింగ్ డిగ్రీలకి లేదు. ఆ 12 నెలల్లో ఎన్‌క్లెక్స్ పాసై, లైసెన్స్ వచ్చి, ఉద్యోగం దొరకాలి. ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. ఇక హెచ్1బీ వర్క్ వీసా, అది బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకే: అక్కడ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో కూడా ఆర్ఎన్ కావచ్చు కాబట్టి మామూలు బెడ్‌సైడ్ ఉద్యోగానికి అది రావడం చాలా కష్టం. గ్రీన్ కార్డుకి నర్సులకి షెడ్యూల్ ఏ అని ఒక వెసులుబాటు ఉంది, లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అక్కడివాళ్లు దొరకలేదని చూపించడం) అక్కర్లేదు. కానీ ఇండియాలో పుట్టినవాళ్లకి ఈబీ3 (ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు) క్యూ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. ఓపీటీ అయ్యాక ఆ క్యూలో ఎక్కడ కూర్చుంటారు?

సాఫ్ట్‌వేర్ వాళ్లని చూసి "వెళ్తే ఏదో ఒకటి అవుతుంది" అనుకోవద్దు. వాళ్ల దారి వేరు.

పాత వార్డు సిస్టర్

ఏటమ్మా, అందరూ కలిసి పిల్లని భయపెట్టేస్తున్నారు. నేను వైజాగ్ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో నర్సుగా రిటైరయ్యాను. నాలుగు మాటలు నేనూ చెప్తాను.

మన దగ్గర ఇలాంటి అడ్డదారి లేదు. ఎంఎస్సీ నర్సింగ్‌కి ముందు బీఎస్సీ నర్సింగ్ గాని పోస్ట్ బేసిక్ (డిప్లొమా నర్సులు తర్వాత చేసే బీఎస్సీ) గాని ఉండాలి, రిజిస్టరై ఉండాలి, ఒక ఏడాది పని చేసుండాలి. ఇంటర్ బైపీసీ ఉంటే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కి నువ్వు ఇప్పటికీ వెళ్లొచ్చు. క్లాసులో పదిహేడేళ్ల పిల్లల పక్కన కూర్చోవాలి, అంతే. అయ్యాక ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయొచ్చు. ఆ క్యూ ఎలాగూ పొడుగే అయినప్పుడు ఇక్కడ జీతం తీసుకుంటూ ఎదురుచూడొచ్చు కదా, అప్పు లేకుండా.

కానీ అంతకంటే ముందు వార్డులో కొన్నాళ్లు నిలబడి చూడు. బెడ్ ప్యాన్ తీయడం, పుండు డ్రెస్సింగ్ వాసన, బంధువుల తిట్లు, తెల్లారి నాలుగింటికి చార్టులు రాయడం. మీ నాన్నమ్మ దగ్గర నువ్వు చూసింది మంచి సిస్టర్‌ని, ఆ రాత్రి ఆవిడ ఇంకెన్ని మంచాలు చూసిందో అడిగావా?

సీతమ్మధార టు సిడ్నీ

అమెరికా ఒక్కటే ఎందుకు పట్టుకున్నారు? ఆస్ట్రేలియాలో కూడా ఇదే రకం కోర్సు ఉంది, గ్రాడ్యుయేట్ ఎంట్రీ మాస్టర్ ఆఫ్ నర్సింగ్ అంటారు. సిడ్నీ యూనివర్సిటీలో రెండేళ్లు. కనీసం 800 గంటల ప్లేస్‌మెంట్ (ఆసుపత్రిలో ప్రాక్టికల్ శిక్షణ) ఉంటుంది, ఆ తర్వాత ఆఫ్రా అనే ఇక్కడి సంస్థలో నర్సుగా రిజిస్ట్రేషన్. ఇంగ్లిష్ గట్టిగా ఉండాలి, ఐఈఎల్‌టీఎస్ మొత్తం మీద 7. చదువయ్యాక 485 వీసా మీద పనిచేయొచ్చు, 35 లోపు వయసు ఉండాలి, మీకు ఇబ్బంది లేదు. ఫీజు తక్కువేం కాదు. కానీ చదువు నుంచి పర్మనెంట్ రెసిడెన్సీ దాకా నర్సులకి ఉన్న దారి అమెరికాకంటే ఇక్కడ దగ్గర. బ్రిటన్‌లో కూడా రెండేళ్ల ప్రీ రిజిస్ట్రేషన్ ఎంఎస్సీలు ఉన్నాయి, ముందు పేషెంట్ల దగ్గర పనిచేసిన అనుభవం అడుగుతారు. హెపటైటిస్ బి టీకా కాగితాలు మాత్రం ఇప్పుడే వెతికి పెట్టుకోండి, ఆస్ట్రేలియాలో ప్లేస్‌మెంట్‌కి అవి లేకపోతే కదలనివ్వరు.

గాజువాక మైక్రో

అందరికీ థాంక్స్. అన్నయ్య గారు, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి "స్థలం సంగతి తర్వాత, ముందు ఆ సిస్టర్ గారు చెప్పింది చెయ్యి" అన్నారు. సిస్టర్ గారూ, అడగలేదు. అయితే మీకు చెప్పాల్సింది ఒకటుంది, డిగ్రీలో ఉన్నప్పుడు మా తాతయ్య స్ట్రోక్‌తో మంచాన పడితే బెడ్ ప్యాన్లూ డ్రెస్సింగులూ అన్నీ నేనే చేశాను, వాసనకి భయం లేదు.

ప్రస్తుతానికి డబ్ల్యూఈఎస్ చేయిస్తాను, అది ఏ దేశానికైనా పనికొస్తుంది కదా? అమెరికాలో రెండు, సిడ్నీకి ఒకటి మెయిల్స్ పెడతాను. ఆదివారాలు ఏదైనా పాలియేటివ్ కేర్‌లో వాలంటీరుగా తీసుకుంటారేమో కనుక్కుంటాను.

సీతమ్మధార టు సిడ్నీ

కాదండీ, డబ్ల్యూఈఎస్ ఎక్కువగా అమెరికా, కెనడాలకే. సిడ్నీ యూనివర్సిటీ మీ ఏయూ మార్కుల జాబితాలు నేరుగా చూస్తుంది. అమెరికా స్కూల్స్ నుంచి జవాబు వచ్చాకే డబ్ల్యూఈఎస్‌కి డబ్బు కట్టండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు మాత్రం ఒకటి రెండు సెట్లు ఎక్కువే తీసుకోండి.