రొమేనియన్ సావోయా 79 ముక్కు అతకట్లేదు, పిచ్చెక్కిపోతోంది

జిగురుచేతులు: అన్నలూ అర్జెంటు. సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు రాత్రి ఒంటిగంట, ఇంకా ముక్కు దగ్గరే ఉన్నా. రెండో ప్రపంచయుద్ధం నాటి రొమేనియన్ సావోయా 79 బాంబర్ ప్లాస్టిక్ మోడల్ చేస్తున్నా, పసుపు శిలువ డెకాల్స్ (మోడల్ మీద అతికించే గుర్తులు) రెడీగా ఉన్నాయి, తోక దగ్గర పసుపు పట్టీ రంగు టేపు వేసి కొట్టేశా కూడా, తీరా ఫోటో పక్కన పెట్టి చూస్తే దాని ముక్కుకీ నా ముక్కుకీ సంబంధమే లేదు. పుట్టీ పెట్టి గీకా, మళ్లీ పెట్టా, మళ్లీ గీకా, ఇప్పుడు వంకాయలా ఉంది. ఏం చేయాలి?

కత్తెర72: ఏ కిట్? ఏ స్కేలు? ఏ ఏడాది విమానం?

జిగురుచేతులు: చెప్పా కదన్నా, సావోయా 79. మామూలుదే.

కత్తెర72: మామూలుది అంటూ ఏదీ లేదు అందులో.

కృష్ణాతీరం: బాబూ, ముందు ఒక సంగతి. అది శిలువ కాదు. నాలుగు ఎం అక్షరాలు వీపులు ఆనించి పెట్టిన గుర్తు, ఎం అంటే రాజు మిహాయ్. 1941లో యుద్ధంలోకి దిగే ముందు వేయడం మొదలుపెట్టారు, అంతకుముందు మూడు రంగుల గుండ్రమే. ఇక వాళ్ల వైమానిక దళం సంగతంటారా, అదొక కలగూరగంప. ఇటలీ సావోయాలు, జర్మనీ హీన్‌కెల్‌లు, ఫ్రాన్స్ పోటేజ్‌లు, బ్లాక్‌లు, బ్రిటన్ బ్లెన్‌హైమ్‌లు, అవి చాలవన్నట్టు 1939 సెప్టెంబర్‌లో పోలెండ్ కూలిపోతుంటే అక్కణ్ణుంచి పారిపోయొచ్చిన పీజడ్‌ఎల్ 37 బాంబర్లు 20కి పైగా వీళ్ల చేతికి దొరికాయి. ఇన్ని దేశాల ఇంజన్లకి స్పేర్ పార్టులు వెతుక్కున్న మెకానిక్కుల మీద ఎవరూ ఒక్క ముక్క రాయరు, అందరికీ పైలట్లే కావాలి.

జిగురుచేతులు: బాగుంది సార్, కానీ నా ముక్కు?

ఓపికలేదు: శిలువ అన్నా తప్పేంటి, ఇంగ్లీషులో కూడా క్రాసే అంటారు

కృష్ణాతీరం: ఇంగ్లీషువాళ్లు అన్నంత మాత్రాన మనమూ అనాలా?

రెక్కలసుబ్బు: తమ్ముడూ ఒక్కటి చెప్పు. బాక్సులో ప్రొపెల్లర్లు ఎన్ని?

జిగురుచేతులు: మూడన్నా. ఒకటి స్పేర్ ఇచ్చారనుకున్నా.

కత్తెర72: 🤦

రెక్కలసుబ్బు: అదీ అసలు సంగతి. నీ దగ్గరున్నది ఇటలీ వాళ్ల మూడింజన్లది, ఆ మూడోది ముక్కు మీద కూర్చుంటుంది. రొమేనియా వాళ్లు తీసుకున్నది రెండింజన్ల రకం. మూడింజన్లదాంట్లో ముందు ఇంజను అడ్డం కాబట్టి బాంబు వేసేవాడు పొట్ట కింద తొట్టిలాంటి దాంట్లో పడుకుని గురి చూడాలి, రెండింజన్లదాంట్లో వాడికి ముక్కులోనే గాజు గది, దర్జాగా ముందు కూర్చుంటాడు. అందుకే నువ్వెంత గీకినా రాదు, అది గీకితే వచ్చే ముక్కు కాదు, కోసేసి పారదర్శక ప్లాస్టిక్‌తో కొత్తది కట్టాలి. ఇప్పుడు ఫోటో చూసి చెప్పు, ఇంజన్లు ముందు నుంచి పళ్లెంలా గుండ్రంగా ఉన్నాయా, లేక సన్నగా పొడుగ్గా ఉన్నాయా? గుండ్రంగా ఉంటే ఇటలీ నుంచి కొన్న 24లో ఒకటి, గ్నోమ్ రోన్ ఇంజన్లు. పొడుగ్గా ఉంటే జర్మన్ జూమో 211 ఇంజన్లు, అలాంటివి ఎక్కువగా రొమేనియాలోనే, బ్రషోవ్‌లోని ఐఏఆర్ విమానాల ఫ్యాక్టరీలో చేసినవి.

కత్తెర72: రెండోదాన్ని సావోయా అనకూడదు. జేఆర్‌ఎస్ 79.

ఓపికలేదు: జేఆర్‌ఎస్‌లో ఎస్ అంటే సావోయానే కదా బాబూ

కత్తెర72: అయినా అనకూడదు.

జిగురుచేతులు: పొడుగ్గా ఉన్నాయన్నా. ఫోటో కింద 1944 అని ఉంది, నెల లేదు. రెక్క మీద గుర్తు మాత్రం గుండ్రంగా ఉంది, మసకగా ఉందని నేనే శిలువ అనుకుని డెకాల్స్ కొన్నా.

రెక్కలసుబ్బు: ఇది మొదట్లోనే చెప్పాల్సింది తమ్ముడూ. 1944లో గుండ్రం అంటే ఆగస్టు 23 తర్వాతది. ఆ రోజు మిహాయ్ రాజు జర్మనీతో చేతులు కలిపిన నియంత ఆంటోనెస్కుని అరెస్టు చేయించి దేశాన్ని జర్మనీ వైపు నుంచి మిత్రరాజ్యాల వైపు తిప్పేశాడు. 1941లో జర్మన్లతో కలిసి ఒడెస్సా మీద బాంబులేసిన దళంలోవాళ్లే ఇప్పుడు జర్మన్ల మీద వేయడానికి ఎక్కారు. ఎం గుర్తు చెరిపి మళ్లీ మూడు రంగుల గుండ్రం, పసుపు పట్టీ చెరిపి తెల్ల పట్టీ. అంటే నీ డెకాల్సూ చెల్లవు, పట్టీ కూడా మళ్లీ కొట్టాలి.

జిగురుచేతులు: 😭😭

రెక్కలసుబ్బు: ఆ డెకాల్స్ పారేయకు. హీన్‌కెల్ 111 హెచ్-3 కిట్ ఒకటి చూసుకో, 1940లో 32 తెచ్చుకున్నారు, 5వ బాంబర్ గ్రూపు వాడింది. ఏమీ కోయక్కర్లేదు, గాజు ముక్కు కిట్‌లోనే వస్తుంది. శిలువా పసుపు పట్టీ దాని మీద నిక్షేపంలా సరిపోతాయి, సైజు ఒకసారి చూసుకో అంతే.

కృష్ణాతీరం: రొమేనియా అనగానే ప్లొయెస్తి చమురు శుద్ధి కేంద్రాల గురించి చెప్పకపోతే ఈ చర్చకి అర్థమే లేదు. 1943 ఆగస్టు 1న లిబియాలోని బెంఘాజీ నుంచి 170కి పైగా అమెరికన్ లిబరేటర్లు చెట్ల ఎత్తులో వచ్చి పడ్డాయి, 50కి పైగా తిరిగి వెళ్లలేదు...

ఓపికలేదు: సార్ అవి అమెరికా బాంబర్లు, అడిగింది రొమేనియావి

కృష్ణాతీరం: రుమేనియా. పాత పుస్తకాల్లో అలాగే ఉండేది.

జిగురుచేతులు: సరే ఇక ఓపిక లేదు, ఇటలీదే చేసేస్తా, మూడో ప్రొపెల్లర్ మంచం కింద దొరికింది. థాంక్స్ సుబ్బన్నా. పుట్టీ గట్టిపడిపోయింది, ఎలా తీయాలో ఎవరికైనా తెలుసా?

కత్తెర72: ఏ పుట్టీ?