తోడు జంతువు వదిలేసి వెళ్లిపోవచ్చా? (నేను రాస్తున్న ఫాంటసీ గురించి)

గాలిపటం: నా కథలో పన్నెండేళ్లు నిండగానే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక జంతువుతో మంత్రబంధం పడుతుంది, ఇక చచ్చేదాకా విడదు. హీరోయిన్‌కి డేగ. చదివిన ఫ్రెండ్ ఒకామె "ఆ డేగకి ఇష్టమో లేదో ఎవరైనా అడిగారా" అంది, అప్పట్నించీ ఒక్క పేజీ కదల్లేదు. అది వెళ్లిపోయే దారి పెట్టాలా?

మూడోకన్ను: ముందు డేగని మార్చండి. దానికి విశ్వాసం ఉండదు. వేటడేగల్ని పెంచేవాళ్లు రోజూ తూకం వేసి చూసుకుంటారు, బరువు పెరిగిందంటే ఆకలి లేనట్టే, ఎగరేస్తే తిరిగి రాదు. చేతి మీద వాలేది మాంసం ముక్క కోసం, మన మొహం చూసి కాదు. కుక్కని పెట్టండి.

చిట్టెలుక: కుక్క అందరూ రాసేదే బాసూ

నత్తనడక: వేటడేగకి సాళువ అని మంచి మాట ఉంది, అది వాడండి

పాతపుస్తకం: మంత్రంతో కట్టేశాక అది విశ్వాసం ఎలా అవుద్దండీ, గొలుసు కనపడదు అంతే తేడా. జపాన్‌లో హచికో అనే కుక్కనే చూడండి, యజమాని 1925లో పోతే 1935లో తను పోయేదాకా ఆయన కోసం షిబుయా రైల్వే స్టేషన్‌కి వస్తూనే ఉన్నాడు, ఏ మంత్రం కట్టింది? దారి పెట్టండి.

మూడోకన్ను: స్టేషన్ దగ్గర జనం తిండి పెట్టేవాళ్లు. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

పాతపుస్తకం: 1932లో పేపర్లో పడ్డాక నెత్తిన పెట్టుకున్నారు, అంతకుముందు తరిమినవాళ్లూ ఉన్నారు. అయినా వచ్చాడు కదా. మీరసలు ఎప్పుడైనా ఒక జంతువుని పెంచారా, పొద్దున్నుంచీ తిండి తూకం అంటూ ఒకటే పాట

మూడోకన్ను: పెంచాను. నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్న మా కుక్కని వేరేవాళ్లకి ఇచ్చేశాడు. నెల తర్వాత చూడ్డానికెళ్తే వాళ్ల పళ్లెంలో తింటా ఉంది, నా వైపు తోక ఒకసారి ఊపి మళ్లీ తిండిలో మూతి పెట్టింది. ఇక మీ విశ్వాసం మీరే ఉంచుకోండి.

చిట్టెలుక: అయ్యో

పాతపుస్తకం: బాధే, కాదనను. కానీ ఇచ్చేసింది మీ ఇంట్లోవాళ్లు, అది మిమ్మల్ని వదల్లేదు కదండీ. స్వర్గం గుమ్మం ముందు కుక్కని వదల్ను అన్నది ధర్మరాజు, కుక్క ఏమీ అనలేదు. గాలిపటం గారూ, డేగ వెళ్తుందా ఉంటుందా అని మనం కొట్టుకుంటున్నాం గానీ, అసలు ఆ పిల్ల దాన్ని వదిలేస్తుందా లేదా అన్నది రాయండి.

మూడోకన్ను: ధర్మరాజు రాజండీ. పదకొండేళ్ల పిల్లాడు "వదల్ను" అంటే ఇంట్లో ఎవడు వింటాడు?

గాలిపటం: ఈ లైను నా హీరోయిన్‌కి ఇచ్చుకోవచ్చా?

మూడోకన్ను: ఇచ్చుకోండి. డేగ మాత్రం తప్పే.