‘మె మొరిరే’లో ఆ ‘మె’కి తెలుగేమిటి?

అటకమీది పుస్తకం:
పెరూ కవి సెసార్ వయ్యేహొ స్పానిష్ పద్యం మొదటి పాదం రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. "మె మొరిరే ఎన్ పరీస్ కొన్ అగ్వసేరొ" అనా, ఉత్త "మొరిరే" (చస్తాను) అనా? పుస్తకం ఊళ్ళో ఉండిపోయింది. ‘మె’ (నన్ను, నాకు) ఉన్నట్టయితే "పారిస్‌లో చస్తాను, జడివానలో" అంటే చాలదు. మన ‘కొను’ లాంటిదేదో తగిలించాలి కదా?

గణవిభజన:
‘మె’ ఉంది. వేళ్ళమీద లెక్కపెట్టండి. ‘రే’నీ ‘ఎన్’నీ కలిపి పలికితే పదకొండు అక్షరాలు. ‘మె’ తీసేస్తే పదే, పాదం కుంటుతుంది.

చిక్కటి డికాక్షన్:
ఛందస్సు కోసమే అయితే "యొ (నేను) మొరిరే" అన్నా పదకొండే మాస్టారూ. ‘యొ’ కాదని ‘మె’ వేశాడంటే కావాలనే వేశాడు. ఇక ‘కొను’ సంగతి. ఈ ‘మె’యే క్రియ మూలరూపంలో చివర ‘సె’ అవుతుంది: లవర్సె కడుక్కోవడం, పెయినార్సె దువ్వుకోవడం, అంతవరకు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. చావు దగ్గర పెట్టారో, ఉరేసుకున్నాడు, పొడుచుకున్నాడు అయి కూర్చుంటుంది. పాపం ఆయన జబ్బుచేసి పోయాడు.

డాలస్ పిన్ని:
నన్నడిగితే అది మన ‘పోవు’. ఇర్ వెళ్ళు, ఇర్సె వెళ్ళిపో. కయెర్సె పడిపో. మొరిర్సె చచ్చిపో. కొమెర్సె ఒక్కటే ‘వేయు’ కిందికొస్తుంది, తినెయ్. మా అమ్మాయి స్పానిష్ హోంవర్క్‌లో "సె మె కయో ఎల్ వాసొ" దగ్గర గింజుకుంటుంటే "గ్లాసు చేజారిపోయిందే" అన్నాను. టక్కున అర్థమైంది.

గణవిభజన:
అంత తేలిగ్గా ఒప్పుకోనమ్మా. యాక్సిడెంట్‌లో పోయినవాణ్ణి స్పానిష్‌లో మామూలుగా ‘మురియొ’ అంటారు, ‘సె మురియొ’ చెవికి ఎబ్బెట్టు. మనకా పట్టింపేదీ? లారీ గుద్దినా చచ్చిపోయాడే, మంచాన పడి పోయినా చచ్చిపోయాడే.

చిక్కటి డికాక్షన్:
అసలు మజా మూడో పాదంలో ఉంది, "నొ మె కొర్రొ". పెరూ మనిషి కదా, వెనక్కి తగ్గను, పారిపోను అని. సిగ్గుపడను అని చదివేవాళ్ళూ ఉన్నారు. స్పెయిన్‌లో అదే మాటకి కుర్రాళ్ళు కిసుక్కుమంటారు, ఎందుకో ఇక్కడ రాయలేను. పరుగెత్తడానికి ఒక్క ‘మె’ తగిలిస్తే ఇన్ని తిప్పలు.

అటకమీది పుస్తకం:
ఇంతకీ చస్తానా, చచ్చిపోతానా?

డాలస్ పిన్ని:
ముందు ఆ జడివాన తీసెయ్ నాయనా. జడి అంటే వదలకుండా పట్టుకునే ముసురు. అగ్వసేరొ దబదబా కురిసి వెలిసిపోయేది.

గణవిభజన:
ఆ వాన మాటకేం గానీ, బహుశా గురువారం, శరదృతువు అని రాసుకున్నాడు. పోయింది 1938 ఏప్రిల్ 15, గుడ్ ఫ్రైడే నాడు. కలిసింది పారిస్ ఒక్కటే.

చిక్కటి డికాక్షన్:
మాస్టారూ, ‘రాశాడు’ అనకుండా ‘రాసుకున్నాడు’ అన్నారేం? ఆ ‘కొను’ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?