సంభావ్యత లెక్క: కూడాలా, గుణించాలా?

ఎంపీసీ సెకండియర్: సంచిలో 5 ఎర్ర బంతులు, 3 ఆకుపచ్చ బంతులు ఉన్నాయి. రెండు తీస్తే కనీసం ఒకటి ఎర్రదయ్యే సంభావ్యత ఎంత? మధ్యాహ్నం నుంచీ దీన్నే పట్టుకుని కూర్చున్నా. 'లేదా' అంటే కూడమన్నారు, కూడితే ఒకటి దాటిపోతోంది! గుణిస్తే ఇంకేదో వస్తోంది. ఎల్లుండే స్లిప్ టెస్ట్, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గోదారి గట్టు: రెండూ ఆకుపచ్చవయ్యే సంభావ్యతను 1లోంచి తీసెయ్. అంతే.

లెక్కల మాస్టారు: అంతే అంటే ఎలాగండీ? బాబూ, మొదటి బంతిని మళ్లీ సంచిలో వేశావా, లేదా? వేస్తే 1 − 9/64 = 55/64. వేయకపోతే 1 − (3/8 × 2/7) = 25/28. అసలు పరస్పర వివర్జిత ఘటనలకీ స్వతంత్ర ఘటనలకీ తేడా తెలియకుండానే పిల్లలు పరీక్షకు వెళ్లిపోతున్నారు, నా బాధ అది. ఒక పాచికను ఒక్కసారి వేస్తే 2, 5 రెండూ పడవు. అవి వివర్జితాలు, నేరుగా కూడొచ్చు. రెండు పాచికలు వేస్తే మొదటిదాని మీద 2, రెండోదాని మీద 5 పడటం స్వతంత్రాలు, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉండదు, నేరుగా గుణించొచ్చు. బంతిని తిరిగి వేయకపోతే నీ లెక్క ఈ రెంటిలో దేనికీ చెందదు.

పాత సంగతులు: 'కనీసం ఒకటి' దగ్గర తడబాటు ఇప్పటిది కాదు. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో షెవాలియే ద మెరే అనే జూదరిని తికమకపెట్టిందీ ఇదే. ఒక పాచికను 4 సార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే అవకాశం దాదాపు 0.518. జత పాచికల్ని 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి రెండూ ఆరే పడే అవకాశం దాదాపు 0.491. వేసే సార్లను వచ్చే వీలున్న ఫలితాలతో భాగిస్తే 4/6, 24/36 సమానమే, అయినా జవాబులు వేరు. 1654లో గణితజ్ఞులు పాస్కల్, ఫెర్మాల మధ్య నడిచిన ఉత్తరాలు...

గోదారి గట్టు: చరిత్ర తర్వాత. ముందు అతని లెక్క.

ఎంపీసీ సెకండియర్: తిరిగి వేయకుండానే సార్, మామూలుగా అంతేగా. కీలో 25/28 ఉంది. కానీ సంకలన సిద్ధాంతంతోనే (రెండు ఘటనల సంభావ్యతలు కూడి, రెండూ జరిగేదాన్ని తీసేయడం) చేయమన్నారు. 5/8 + 4/7 వేస్తే 67/56 వచ్చింది.

గోదారి గట్టు: 4/7 కాదు, అక్కడా 5/8.

కరీంనగర్ కుర్రాడు: ఎట్లన్నా? ఒక ఎర్రది పోయినంక మిగిలేది ఏడింట్లో నాలుగే కదా.

లెక్కల మాస్టారు: ఆ 4/7 మొదటిది ఎర్రదే వచ్చిందన్న షరతు మీద నాయనా. మొదటిదాని రంగు తెలియనప్పుడు రెండు దారులూ లెక్కలోకి రావాలి: 5/8 × 4/7 + 3/8 × 5/7 = 35/56, అంటే 5/8. ఇక 5/8 + 5/8 కూడితే రెండూ ఎర్రవైన సందర్భం రెండుసార్లు పడుతుంది. అది 5/8 × 4/7 = 5/14. ఒకసారి తీసేస్తే 25/28.

కరీంనగర్ కుర్రాడు: సంచిలో ఏడే ఉంటే ఎనిమిదితో భాగించుడేంది? నేనొప్పుకోను.

గోదారి గట్టు: మొదటి బంతి చూడకుండా గుప్పిట్లో మూసి ఉంచు. ఇప్పుడు రెండోదానికి మొదటిదానికంటే తేడా ఏముంది?

కరీంనగర్ కుర్రాడు: చూస్తే మారుతదా మరి?

లెక్కల మాస్టారు: మారుతుంది. ఎర్రదని తెలిస్తే 4/7, ఆకుపచ్చదని తెలిస్తే 5/7.

ఎంపీసీ సెకండియర్: 25/28 వచ్చేసింది. థాంక్స్ సార్.

కరీంనగర్ కుర్రాడు: మరి రెండూ ఒకేసారి తీస్తే? అప్పుడు మొదటిదేది, రెండోదేది?