ఎల్క్ వేటకు బ్యాగ్: ఇక్కడి ట్రెకింగ్ బ్యాగ్ చాలదా, ఫ్రేమ్ ఉన్నదే కావాలా?

వంశధార_వాడు (గుణుపురం, ఇప్పుడు డెన్వర్)
అందరికీ నమస్కారం. ఈ అక్టోబర్‌లో ఆఫీసు వాళ్లతో కలిసి కొలరాడో కొండల్లో ఎల్క్ (అక్కడి పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నాను. లైసెన్సు ఉంది, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది. అయిదు రాత్రులు అడవిలోనే, కారు ఆపిన చోటి నుంచి అయిదారు మైళ్ల నడక. మా వాళ్లంతా ఫ్రేమ్ (వీపు వైపు గట్టి చట్రం) ఉన్న వేట బ్యాగులు వాడతారు, ఒక్కోటి అయిదారు వందల డాలర్లు. ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చాను. విశాఖ వెళ్తే 60 లీటర్ల ట్రెకింగ్ బ్యాగ్ ఎనిమిది వేల లోపు దొరుకుతోంది. అది సరిపోదా? కొండలెక్కేవాళ్లు, మిలిటరీలో చేసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

కొండబాట (సెమిలిగుడ)
సుబ్బరంగా సరిపోతుంది. నేను దేవ్‌మాలికీ, మహేంద్రగిరికీ, అరకు చుట్టుపక్కలకీ 50 లీటర్ల బ్యాగుతోనే తిరుగుతాను. టెంటు, స్లీపింగ్ బ్యాగ్, స్టవ్, తిండి అన్నీ పడతాయి. ఆ వేట బ్యాగులు ఖాళీగానే మూడు కిలోల దాకా ఉంటాయి. మామూలు బ్యాగ్ దాదాపు అందులో సగం. ఏమీ పెట్టకముందే అంత బరువు మోయడం ఎందుకు? అయిదు వందల డాలర్లంటే మన డబ్బుల్లో ఎంతో లెక్కేసుకోండి.

పాత_పిట్టు (సునాబేడ)
తమ్ముడూ, దేవ్‌మాలి ఎత్తు 1,672 మీటర్లు, అంటే దాదాపు అయిదున్నర వేల అడుగులు. దాదాపు పైదాకా జీపు పోతుంది. దాన్ని పట్టుకుని కొలరాడోకి సలహా చెబితే ఎలా? ఎల్క్ దొరికేది తొమ్మిది పదివేల అడుగుల పైన. నేను ఫౌజులో పిట్టు (సైనికుల వీపు సంచి) మోసినవాణ్ని. పదిహేను కిలోల దాకా ఏ బ్యాగయినా మంచిదే అనిపిస్తుంది. పాతిక దాటాక అసలు సంగతి బయటపడుతుంది. లోపల గట్టి ఫ్రేమ్ లేకపోతే సంచి మధ్యలో కుంగుతుంది, బరువంతా నడుం మీంచి జారి భుజాల మీదికి వస్తుంది.

కొండబాట
బాబాయ్ గారూ, ఈయన పాతిక కిలోలు ఎందుకు మోస్తాడండీ? అయిదు రోజుల సామాను నీళ్లతో కలిపి పద్దెనిమిది దాటదు. రోజురోజుకీ తిండి తరిగి బరువు తగ్గుతుంది కూడా.

జయపురం_నుంచి_బోయిసీ
ఇక్కడే మొత్తం చర్చ తలకిందులుగా నడుస్తోంది. ట్రెకింగ్‌కి వెళ్లినవాడి బ్యాగ్ తిరిగొచ్చేటప్పుడు తేలికవుతుంది. వేటకు వెళ్లినవాడి బ్యాగ్ బరువెక్కుతుంది, అదీ ఒళ్లు పూర్తిగా అలిసిపోయాక. నేను అమెరికాలోనే ఐడహో రాష్ట్రంలో వేటకు వెళ్తుంటాను, అందుకే చెబుతున్నా.

పెద్ద మగ ఎల్క్ మూడు వందల కిలోలుంటుంది. ఎముకలు తీసేసినా మాంసమే ఎనభై తొంభై కిలోలు. ఎముకతో ఉంచితే వెనక తొడ ఒక్కటే పాతిక కిలోలు దాటుతుంది. మోయలేకపోయాం, సగం వదిలేశాం అంటే కుదరదు. తినదగ్గ మాంసాన్ని పాడు చేయడం కొలరాడోలోనూ నేరమే. ఇద్దరు ఉన్నా ఆ అయిదారు మైళ్లు రెండు మూడు సార్లు తిరగాలి.

స్టోన్ గ్లేసియర్, ఎక్సో, కిఫారు లాంటి కంపెనీల వేట బ్యాగుల్లో సంచీ వేరు, ఫ్రేమ్ వేరు. పట్టీలు వదులు చేస్తే సంచీ వెనక్కి జరుగుతుంది, ఫ్రేముకీ సంచీకీ మధ్య మాంసం పెట్టే చోటు వస్తుంది. బరువు వీపుకి ఆనుకునే ఉంటుంది, వెనక్కి లాగదు. మామూలు బ్యాగులో మాంసం స్లీపింగ్ బ్యాగ్ పక్కనే కుక్కాలి. రక్తం సంగతి సరే, వేడి పోక మాంసం చెడుతుంది. గాలాడే గుడ్డ సంచుల్లో కట్టి బయటి వైపు వేసుకోవాలి.

అడవితల్లి (రాయగడ)
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. చైత్ర పరబ్ (ఆదివాసీల పండుగ) వచ్చిందంటే కొరాపుట్ వైపు ‘బెంట’ వేటకు వెళ్లొద్దని ఊళ్లలో నచ్చజెప్పలేక చస్తుంటాం. ఇక్కడేమో వేట బ్యాగులు ఎంచుకుంటున్నారు!

వంశధార_వాడు
అర్థమైంది మేడమ్. ఇక్కడ వేటాడే ఉద్దేశం కలలో కూడా లేదు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే లైసెన్సులిచ్చి, ఎన్ని జంతువులను వేటాడొచ్చో సీజన్ వారీగా నిర్ణయిస్తుంది. అడుగుతున్నది దాని గురించే.

అడవితల్లి
అయితే సరే. నాది ఒక సందేహం. మా కొండ ఊళ్ల వాళ్లు సంతకి కావడి మీదే ముప్పై నలభై కిలోలు దించుకొస్తారు. ఏ ఫ్రేమూ లేదు, ఏ నడుం బెల్టూ లేదు. మనిషి బలం, అలవాటు ముఖ్యం కాదా?

ఫిజియో_బరంపురం
అక్కా, కావడి వెదురుబద్ద అడుగు అడుగుకీ ఊగుతుంది, ఆ ఊపుకి సరిపోయేలా మనిషి నడుస్తాడు. భుజం నొప్పెడితే రెండో భుజానికి మార్చుకుంటాడు. అది రోజూ తిరిగే కాలిబాట. కూలిన చెట్ల మీంచి దాటే చోట కావడి పనికిరాదు.

వంశధార గారూ, ఫ్రేమ్ ఉందా లేదా అని తేల్చే ముందు మీ వీపు పొడవు కొలిపించుకోండి. తల వంచితే మెడ వెనక చేతికి పొడుచుకొచ్చి తగిలే ఎముక దగ్గర మొదలుపెట్టండి. రెండు చేతులూ నడుం ఎముకల మీద ఆనిస్తే బొటనవేళ్లు వెనక ఏ ఎత్తులో ఉన్నాయో అక్కడిదాకా కొలవాలి. మనిషి ఎత్తుతో దీనికి సంబంధం తక్కువ. మీకంటే పొడుగు మనిషికి మీకంటే పొట్టి వీపు ఉండొచ్చు. ఈ కొలత కుదరకపోతే ఆరు వందల డాలర్ల బ్యాగ్ కూడా భుజాల మీదే వేలాడుతుంది. సరిగ్గా కుదిరితే బరువులో చాలా భాగం తుంటి మీదికి దిగుతుంది. నా దగ్గరికి మెడనొప్పితో వచ్చే ట్రెకర్లలో చాలామంది బెల్టుని పొట్ట మీద కట్టుకునేవాళ్లే.

పాత_పిట్టు
నూటికి నూరు పాళ్లు నిజం. ఫౌజులో కొత్తగా చేరిన కుర్రాళ్లూ అదే చేస్తారు.

ప్రాణహిత (సిరొంచ)
అసలు విషయం కాదుగానీ ఒక మాట. వేట అయ్యాక ఆ బ్యాగుని ఇంటికి తెచ్చి వాడుకుందాం అనుకుంటే మాత్రం ఆ చెట్టూచేమల డిజైన్ రంగు కొనకండి. మా గడ్చిరోలి అడవి దారుల్లో, మీ మల్కన్‌గిరి వైపు కూడా, అలాంటి బ్యాగ్ తగిలించుకుని ఎవరైనా కనిపిస్తే మావోయిస్టేమోనని పోలీసులు ముందు ఆపి అడుగుతారు. ఎందుకొచ్చిన టెన్షన్? మట్టి రంగో, బూడిద రంగో తీసుకోండి.

జయపురం_నుంచి_బోయిసీ
మంచి మాట. రంగు విషయంలో అక్కడా ఒక చిక్కుంది. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో నడుం పైన 500 చదరపు అంగుళాలు మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వేసుకోవాలి, అదే రంగు టోపీ కూడా. బ్యాగ్ వేసుకోగానే వీపు మీది రంగు కాస్తా దాని కింద దాక్కుంటుంది. అందుకే బ్యాగ్ మీద నారింజ రంగు కవరు కప్పుకుంటే మేలు. మాంసం మోసుకొస్తున్నప్పుడు మరీ ముఖ్యం.

కొండబాట
సరే, తిరుగు బరువు మాట ఒప్పుకుంటాను. కానీ ఎల్క్ వేటకు వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది ఖాళీ చేతులతోనే వస్తారటగా? వస్తుందో రాదో తెలియని మాంసం కోసం ఫ్రేమ్ కొనాలా? పైగా గుర్రాల మీద మాంసం దించిపెట్టే వాళ్లు ఉంటారని విన్నాను. తేలిక బ్యాగుతో వెళ్లి, అదృష్టం బాగుంటే వాళ్లని పిలుచుకుంటే చాలదా?

జయపురం_నుంచి_బోయిసీ
ఉంటారు, కానీ ముందే మాట్లాడి పెట్టుకోవాలి. సీజన్ మధ్యలో ఫోన్ చేస్తే గుర్రాలు ఖాళీగా ఉండవు. అక్టోబర్‌లో కూడా మధ్యాహ్నం ఎండ కాస్తుంది, మాంసం రోజుల తరబడి ఆగదు. ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకమూ లేదు. మీరన్నదాంట్లో ఒకటి మాత్రం నిజం, ఒక్కసారికే అయితే కొనక్కర్లేదు. అద్దెకు తీసుకోవచ్చు.

వంశధార_వాడు
డెన్వర్ దగ్గర ఒక షాపుకి మెసేజ్ పెట్టాను. ఫ్రేమ్ బ్యాగులు వారం లెక్కన అద్దెకిస్తారట. ఇంట్లో టేపుతో కొలిస్తే నా వీపు 18 అంగుళాలు వచ్చింది. నేను ఇన్నాళ్లూ లార్జ్ అనుకుంటున్నాను! విశాఖ ప్రయాణం మానుకున్నా.

పాత_పిట్టు
అద్దెదైనా వేటకు రెండు వారాల ముందే ఒకసారి తెచ్చుకో తమ్ముడూ. పాతిక కిలోల బియ్యం బస్తా ఆ ఫ్రేముకి కట్టి మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగు. దిగేటప్పుడు మోకాళ్లు ఏమంటాయో చూసుకో.

కొండబాట
బియ్యం బస్తా సరే. అద్దె ఎంతో కూడా ఇక్కడ రాయండి. నేనింకా లెక్క వేస్తున్నాను, గుర్రమే చవకేమో.